ఆలస్యమే అసలు శిక్ష

సంపాదకులు గారికి నమస్కారం.

అమెరికా కాలేజీ ఆటగాళ్లు చొక్కాలు మార్చినంత తేలిగ్గా కాలేజీలు మారుస్తున్నారని, వారిని అదుపు చేయాల్సిన ఎన్‌సీఏఏ (అక్కడి కాలేజీ క్రీడలను నడిపే సంఘం) చేతులెత్తేసిందని విమర్శిస్తూ ఒక పాఠకులు రాసిన లేఖను ఇటీవల మీ పత్రికలో చదివాను. నేను పదకొండేళ్లుగా నార్త్ కరోలినా రాష్ట్రంలోని మోరిస్‌విల్‌లో ఉంటున్నాను. మా అబ్బాయి చాపెల్ హిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినాలో చదివాడు. 2023లో ఆ కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో చేరిన డెవాంటెజ్ వాకర్‌ను ఎన్‌సీఏఏ బరిలోకి దిగనివ్వకుండా ఆపినప్పుడు, ఆ అదుపు ఎలా పనిచేసేదో దగ్గరగా చూశాను. అందుకే ఈ ఉత్తరం.

వాకర్‌ది ఇదే రాష్ట్రంలోని షార్లెట్. అమెరికన్ ఫుట్‌బాల్‌లో అతను వైడ్ రిసీవర్, అంటే దూరంగా పరుగెత్తి బంతిని అందుకునేవాడు. మొదట డర్హమ్‌లోని నార్త్ కరోలినా సెంట్రల్ యూనివర్సిటీలో చేరాడు. కోవిడ్ వల్ల 2020లో ఆ కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ మొత్తం రద్దు కావడంతో అక్కడ ఒక్క ఆటా ఆడలేదు. తరువాత ఒహాయోలోని కెంట్ స్టేట్‌కు వెళ్లి రెండు సీజన్లు ఆడాడు, రెండో సీజన్‌లో 11 టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి గీత దాటించి చేసే స్కోర్లు) చేశాడు. అక్కడి కోచ్ కొలరాడోకు వెళ్లిపోయాక, అనారోగ్యంతో ఉన్న తన అవ్వకు దగ్గరగా ఉండాలని 2023 జనవరిలో చాపెల్ హిల్‌కు వచ్చాడు. అమ్మను కన్న తల్లినైనా, నాన్నను కన్న తల్లినైనా మా అనంతపురం వైపు అవ్వ అనే అంటాం.

అప్పటి నిబంధన ప్రకారం మొదటిసారి కాలేజీ మారిన ఆటగాడు వెంటనే ఆడవచ్చు, రెండోసారి మారితే మాత్రం ప్రత్యేక మినహాయింపు దొరకకపోతే ఏడాదిపాటు ఆటకు దూరంగా ఉండాలి. ఆ మినహాయింపులను మరింత కఠినం చేస్తూ ఎన్‌సీఏఏ తీర్మానించింది కూడా వాకర్ చాపెల్ హిల్‌లో చేరిన ఆ జనవరి నెలలోనే. కాగితం మీద చూస్తే అతనిది రెండో బదిలీ. ఒక్క ఆటైనా ఆడని కాలేజీని లెక్కలో వేసుకుంటేనే అది రెండోది అవుతుందన్న సంగతి మినహాయింపులు తేల్చే ఎన్‌సీఏఏ కమిటీకి పట్టలేదు.

సీజన్ తొలి ఆట సెప్టెంబరు 2న జరిగింది. అదీ షార్లెట్‌లోనే. సొంత ఊళ్లో తన జట్టు ఆడుతుంటే అతను ఆడే వీలు లేకుండా ఉండిపోయాడు. మినహాయింపు నిరాకరించినందుకు చేసిన అప్పీలును కూడా తోసిపుచ్చారన్న వార్త సెప్టెంబరు 7న వచ్చింది. ఆ తరువాత రెండు రోజులకు చాపెల్ హిల్‌లోని మా కీనన్ స్టేడియంలో అపలాచియన్ స్టేట్‌తో ఆట. మా అబ్బాయితో కలిసి నేనూ వెళ్లాను. మా ముందు వరుసలో లేత నీలం టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన, మా జట్టు విసిరిన బంతి ఎవరికీ అందకుండా నేలపాలైన ప్రతిసారీ, ‘అది తొమ్మిదో నంబరు వాడి బంతి’ అని తనలో తాను గొణుక్కునేవాడు. తొమ్మిది వాకర్ నంబరు. రెండు ఓవర్‌టైముల తరువాత 40–34తో గెలిచాం. మెట్లు దిగి వస్తున్న జనం మాత్రం గెలుపు సంగతి వదిలేసి ఎన్‌సీఏఏనే తిట్టుకుంటూ నడిచారు.

అభిమానులను పూర్తిగా వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. కమిటీ సభ్యులకు బెదిరింపులు వచ్చాయని ఎన్‌సీఏఏ బోర్డు ప్రకటించవలసి వచ్చింది. జట్టు మీద ఎంత అభిమానం ఉన్నా అది నీచమైన పని. ‘ఎన్‌సీఏఏకు సిగ్గుచేటు’ అని ప్రకటన విడుదల చేసిన అప్పటి మా జట్టు కోచ్ మ్యాక్ బ్రౌన్ మాటల్లో న్యాయం ఉంది. కానీ 1997 చివర్లో ఇదే బ్రౌన్ గారు ఇదే చాపెల్ హిల్‌ను వదిలి టెక్సస్‌కు వెళ్లినప్పుడు ఏడాదిపాటు పక్కన కూర్చోమని ఆయనను ఎవరూ అడగలేదు. మరుసటి సీజన్‌లోనే అక్కడ కోచ్‌గా నిలబడ్డారు. కాలేజీ మారడం నిష్ఠ లేకపోవడమే అయితే, ఆ మాట జీతం తీసుకునే కోచ్‌కు వర్తించకుండా ఇరవై ఏళ్ల కుర్రాడికి మాత్రమే ఎందుకు వర్తించాలో మీ పాఠకులు వివరించలేదు.

అయినా నిబంధన ఉండకూడదని నేను అనను. కాలేజీ జట్లు సంతలు కాకూడదన్న ఆ పాఠకుల ఆందోళనలో కొంత నిజముంది. నా అభ్యంతరం జాప్యం మీద. జనవరిలో చేరిన విద్యార్థి ఆడవచ్చో లేదో తేలడానికి సెప్టెంబరు దాకా పట్టింది. మళ్లీ 28 రోజులకు, అక్టోబరు 5న, యూనివర్సిటీ నుంచి కొత్త సమాచారం అందిందంటూ ఎన్‌సీఏఏ తన నిర్ణయాన్ని తానే మార్చుకుని అతన్ని ఆడనిచ్చింది. అప్పటికి నాలుగు ఆటలు అయిపోయాయి. అనుమతి వచ్చిన తరువాత తన రెండో ఆటలో మయామీ మీద 132 గజాలు సాధించి మూడు టచ్‌డౌన్లు చేసినవాడు, ఆ నాలుగింటిలో ఏం చేసి ఉండేవాడో ఊహించుకోవలసిందే. ఉద్యోగికి నెల రోజులు జీతం ఆగితే తరువాత బకాయిలతో సహా ఇవ్వవచ్చు. కాలేజీ ఆటగాడికి ఉన్నదే నాలుగు సీజన్లు, వాటిలో పోయిన ఆటకు బకాయి చెల్లింపు అంటూ ఉండదు.

ఈ జాప్యం మన తెలుగు కుటుంబాలకు కొత్త కాదు. మా చెల్లెలు ఇంటర్ మొదటి ఏడాది తరువాత కాలేజీ మారదామనుకుంటే, రెండో ఏడాది ఫీజు కూడా కడితేనే టీసీ ఇస్తామన్నారు. మూడు వారాలపాటు మా నాన్న ఆ ఆఫీసు గది బయట చెక్క బెంచీ మీద కూర్చుని వచ్చేవారు. గుమాస్తా తల ఎత్తకుండానే ‘ప్రిన్సిపాల్ గారు లేరు, సోమవారం రండి’ అనేవాడు. టీసీ ఇవ్వము అని ఎవరూ నోరు తెరిచి అనలేదు, కాగితం మాత్రం చేతికి రాలేదు. చివరికి చెల్లెలు అక్కడే చదివింది. క్రికెటర్ హనుమ విహారి కూడా ఆంధ్ర జట్టు నుంచి వెళ్లడానికి ఎన్ఓసీ కోసం రెండు నెలలు ఎదురు చూశానని, నాలుగుసార్లు మెయిల్ పంపానని 2024 జూన్‌లో స్వయంగా చెప్పారు. అదే అమెరికాలో చదువుకునే మన పిల్లలు ఒక యూనివర్సిటీ నుంచి మరో యూనివర్సిటీకి ఐ-20 (విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) బదిలీ చేయించుకున్నప్పుడు, ఒక సెమిస్టర్ ఖాళీగా కూర్చుని తమ నిష్ఠను రుజువు చేసుకోమని ఎవరూ అడగరు.

ఎన్‌సీఏఏ చేతులెత్తేయడం వెనక జరిగింది కూడా మీ పాఠకులు చెప్పలేదు. 2023 డిసెంబరులో నార్త్ కరోలినా సహా ఏడు రాష్ట్రాలు ఈ రెండో బదిలీ నిబంధన మీద కోర్టుకు వెళ్లాయి. వెస్ట్ వర్జీనియాలోని ఫెడరల్ న్యాయమూర్తి ఈ నిబంధన అమలును తాత్కాలికంగా నిలిపివేశారు. 2024 ఏప్రిల్‌లో, చదువులో అర్హత నిలుపుకున్నంత వరకు ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడవచ్చని ఎన్‌సీఏఏ నిబంధనను సవరించుకుంది. ఆటగాళ్ల గొంతెమ్మ కోరికలకు లొంగి చేసిన పని కాదది. ఇష్టమొచ్చినట్టు వాడిన అధికారం న్యాయస్థానం ముందు నిలవలేకపోయింది.

ఇప్పుడు మళ్లీ బదిలీలకు కళ్లెం వేయాలన్న వాదన బలపడుతోంది. వేయదలిస్తే వేయవచ్చు. కాకపోతే దరఖాస్తు మీద తీర్పు తొలి ఆటకు కనీసం నెల ముందు రావాలి, కారణాలు కాగితం మీద ఉండాలి, కుర్రాడు కాలేజీలో చేరిన తరువాత చేసిన మార్పు అతనికి వర్తించకూడదు. వాకర్ 2024లో బాల్టిమోర్ రేవెన్స్ అనే ప్రొఫెషనల్ జట్టుకు ఎంపికై వెళ్లిపోయాడు. చాపెల్ హిల్ రికార్డుల్లో 2023 సీజన్‌కు అతని పేరు ఎదుట మాత్రం ఎనిమిది ఆటలే ఉన్నాయి.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
మోరిస్‌విల్, నార్త్ కరోలినా