శీనుగాడికి, మన చేతక్ పందెం సంగతి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అంటూనే గడిచిపోయింది, ఏమనుకోకురా. పాప రెండో తరగతికి వచ్చింది. అమ్మా నాన్నా టాంపా వచ్చి ఇరవై రోజులవుతోంది. మీ అమ్మగారు పంపిన మాగాయ భద్రంగా చేరింది, సగం అయిపోయింది కూడా. ఇల్లు మారే సంగతి ఇంకా తేలలేదు. మిగతా కబుర్లన్నీ తర్వాత. నేను ఇప్పుడు రాయడానికి కూర్చున్నది ఒకే ఒక్క విషయం కోసం.

చేతక్ పందెం తేలిపోయిందిరా! అదే, చిన్నప్పుడు ఆ చీకటి రాత్రి నాన్న చేతక్ స్కూటరు ఎంత స్పీడులో పోయిందని మనిద్దరం వేసుకున్న పందెం.

మొన్న శనివారం అందరం ఓర్లాండో వెళ్ళాం, డిస్నీ వాళ్ళ మ్యాజిక్ కింగ్‌డమ్‌కి. అక్కడ స్పేస్ మౌంటెన్ అని ఒకటుంది. బయటి నుంచి చూస్తే పెద్ద తెల్లటి గరాటు బోర్లించినట్టుంటుంది. లోపల చీకట్లో తిరిగే రోలర్ కోస్టర్. 112 సెంటీమీటర్ల ఎత్తుంటేనే ఎక్కనిస్తారు. పోయినసారి ఆ కొలత కర్ర కింద నిలబడి, చాలక, ఏడ్చుకుంటూ తిరిగొచ్చిన పాప ఈసారి దర్జాగా దాటేసింది. దాటగానే "తాతా, నువ్వు కూడా రావాల్సిందే" అని నాన్న చెయ్యి పట్టుకుంది. అమ్మ ససేమిరా అంది. నాన్న మాత్రం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

క్యూలో ఆయన్ని చూడాలి నువ్వు. ముప్పై ఏళ్ళు శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్‌లో కరెంటు పని చేసిన మనిషి కదా, తల తిప్పకుండా పైకప్పే చూస్తున్నారు. నేను ముందురోజు రాత్రి కూర్చుని చదివిందంతా ఆయనకు అప్పజెప్పాను. కొండ చుట్టూ 72 కాంక్రీటు దూలాలు, ఒక్కోటి 74 టన్నులు. మామూలుగా దూలాలు లోపలుంటాయి కదా, వీళ్ళు బయట పెట్టారు. లోపలి గోడ నున్నగా ఉంటేనే దానిమీద నక్షత్రాలు వేసి చూపించవచ్చని! వాల్ట్ డిస్నీకి ఈ ఊహ అరవైల్లోనే వచ్చినా అప్పటి కంప్యూటర్లు సరిపోలేదు. ఆయన 1966లో పోయారు. ఇది తెరిచింది 1975 జనవరి 15న, ఆ రోజుకి నిజం వ్యోమగాములే వచ్చారట. ఆ తేదీ వినగానే నాన్న ఏమన్నారో తెలుసా? "అయితే మన ఆర్యభట్ట ఉపగ్రహం కంటే మూడు నెలలు పెద్దది. మనది ఏప్రిల్ 19, రష్యా నుంచి పంపారు." పక్కనున్న వాళ్ళకు కూడా చెప్పబోయారు, పాప ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది!

తర్వాత ఆయన సందేహం: ఇన్ని బండ్లు చీకట్లో ఒకదాన్నొకటి గుద్దుకోవా? ట్రాకుని భాగాలుగా చేశారనీ, ఒక భాగంలో ఒక్క బండే ఉంటుందనీ, ముందు బండి దాటకపోతే వెనక దానికి బ్రేకు పడుతుందనీ చెప్పాను. "ఓ, మన సూళ్ళూరుపేట స్టేషన్ సిగ్నళ్ళ లెక్కే" అన్నారు. అంతే, ఆయనకు భయం పోయింది. నాకు మాత్రం ఆయన మోకాళ్ళ టెన్షన్.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా, జాగ్రత్తగా చదువు. ఆ బండిలో పక్కపక్కన కూర్చోరు. ఒకరి వెనక ఒకరు, ముగ్గురు. ముందు నాన్న, మధ్యలో పాప, వెనక నేను. కూర్చోగానే నాకు ఒళ్ళు జలదరించింది. ఏం గుర్తొచ్చిందో నీకు చెప్పాలా? అటకానితిప్ప దగ్గర కొంగల్ని చూసి వస్తుంటే స్కూటరు హెడ్‌లైటు పోయిన రాత్రి! ముందు నాన్న, మధ్యలో నువ్వు, వెనక నేను. రెండు పక్కలా పులికాట్ నీళ్ళు, ఎక్కడా ఒక్క దీపం లేదు.

నీలం లైట్లు మిణుకుమిణుకుమనే సొరంగంలోంచి పోయి, మెల్లగా పైకెక్కి, ఒక్కసారిగా చీకట్లో పడ్డాం. ఎటు తిరుగుతామో తెలియదు, ఎప్పుడు కిందికి జారుతామో తెలియదు. మొహానికి గాలి కొడుతోంది. మలుపు కనపడదు కాబట్టి ఒళ్ళు ముందుగా సర్దుకోలేదురా, అదీ కిటుకు. పాప కేకలు, ఆ కేకల మధ్యలో నాన్న గొంతు: "గట్టిగా పట్టుకోండి, గట్టిగా పట్టుకోండి!" అచ్చం ఆ రాత్రి అన్నట్టే. మొత్తం రెండున్నర నిమిషాలే, నాకు మాత్రం ఆ రోడ్డంతా తిరిగి వచ్చినట్టుంది.

దిగాక అడిగారు, ఎంత స్పీడుంటుందిరా అని. గంటకు 45 కిలోమీటర్లకు మించదని చెప్పాను. ఆగిపోయారు. "నూరు పోయిందనుకున్నానే!" అని, కాసేపు నడిచి, తనంతట తనే మొదలుపెట్టారు. "ఆ రోజు స్కూటరు ముప్పై కూడా దాటలేదు. రోడ్డు తెల్లగీత కూడా సరిగ్గా కనపడలేదు. మీరిద్దరూ వెనకాల ఇంకా వేగం, ఇంకా వేగం అని అరుస్తుంటే నాకు చేతులు వణికాయి. పరాయి పిల్లాడు కూడా ఉన్నాడు, వాళ్ళమ్మకు ఏం చెప్పాలి అనుకున్నాను. శీనయ్యకు ఎప్పుడూ చెప్పొద్దనుకున్నా."

శీనూ, నాన్న ఆ రాత్రి భయపడ్డారని నాకు ఇన్నేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు. నీకు తట్టిందా? ఇంటికొచ్చి మనిద్దరికీ చద్దన్నం కలిపి పెట్టి, ఆయన తినకుండా పడుకున్నారు, గుర్తుందా? అప్పుడు మనం... సరే, అది మనం కలిసినప్పుడు.

బండిలో తీసిన ఫొటో కొన్నాను, ఒక కాపీ ఇందులో పెడుతున్నా. నాన్న చేతులు చూడు. ఎదురుగా ఉన్న కడ్డీని స్కూటర్ హ్యాండిల్ పట్టుకున్నట్టే పట్టుకున్నారు.

పందెం లెక్క: నువ్వు ఎనభై అన్నావు, నేను నలభై అన్నాను. నాదే దగ్గర. అరకిలో మలైకాజా బాకీ, నెల్లూరుదే కావాలి. కానీ ఆ చీకట్లో కూర్చున్నాక చెబుతున్నానురా, ఎనభై అని నువ్వు ఎందుకు ఒట్టేసుకున్నావో నాకిప్పుడు తెలిసింది. సగం నువ్వే తిను.

ఒకటి మాత్రం చెయ్యి. ఈ ఆదివారం నాన్నకు ఫోను చెయ్యి. ఆ రాత్రి సంగతి నేను రాశానని చెప్పకు, ఊరికే మాట్లాడు. ఆయన అడిగితే మాత్రం

అమ్మ పిలుస్తోంది, పాపను ఈతకు తీసుకెళ్ళే టైమైంది. కవరు అంటించేస్తున్నా.

నీ
రఘు