గాలి కాదు, డెలిరియం

సంపాదకుడికి,

పర్లాకిమిడిలో జారిపడి తుంటి విరిగిన మా అమ్మకు బరంపురంలో ఆపరేషన్ చేయించాం. రెండో రాత్రి సెలైన్ సూది పీకేసి, ఎప్పుడో పోయిన మా నాన్నను అన్నానికి పిలిచింది. గాలి సోకిందన్నారు బంధువులు. అది డెలిరియమట, అంటే ఉన్నట్టుండి మనసు అయోమయంలో పడటం. ఆపరేషన్ వల్ల ఒంట్లో రేగే ఇన్‌ఫ్లమేషన్ (వాపు) మెదడునూ తాకవచ్చట; రక్తంలో ఆ వాపును సూచించే సీఆర్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రొటీన్లు పెరిగినవాళ్లలో డెలిరియం ఎక్కువ. అల్జీమర్స్‌తో ముడిపడ్డ ఏపీఓఈ-4 జన్యువు విషయంలో మాత్రం అధ్యయనాలు ఒకే మాట చెప్పడం లేదు.

జన్యువుల సంగతి అలా ఉంచండి, అమ్మ కళ్లజోడు, వినికిడి మిషన్ సంచిలోనే ఉండిపోయాయి! సరిగా కనపడక, వినపడక అయోమయం ఇంకా పెరుగుతుంది. ఒడియా బాగా వచ్చిన మనిషి, అయోమయంలో ఉన్న మూడు రోజులూ నర్సుకు తెలుగులోనే జవాబిచ్చింది. రాత్రిళ్లు ఇంటిమనిషిని పక్కన ఉండనివ్వాలి. ఇలా జరగొచ్చని ముందే చెప్పాలి. మాకెవరూ చెప్పలేదు.

– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా