ఆట పేర్లు వేరు, నాటి పేర్లు వేరు

గౌరవనీయులైన సంపాదకులకు,

మధ్యయుగ ఐరోపా తరహా పోరాట క్రీడలపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. ఉక్కు కవచాలు తొడిగి జట్లుగా తలపడే బుహుర్ట్ పోటీల నియమాలను వ్యాసకర్త చక్కగా వివరించారు. అయితే ఆటగాళ్లు నేడు పలికే ఆయుధాల పేర్లన్నీ ఆనాటి యోధులు వాడినవేనని రాయడం సరికాదు.

‘హీటర్ షీల్డ్’ సంగతే చూడండి. పైన సమంగా ఉండి కింద మొనదేలిన ఈ డాలు ఇస్త్రీ పెట్టెను పోలి ఉందని 19వ శతాబ్దపు బ్రిటిష్ పురావస్తు ప్రియులు దానికి ఆ పేరు పెట్టారు. 13వ శతాబ్దపు ఫ్రెంచి యోధుడికి అది ఉత్త ‘ఎస్క్యు’, అంటే డాలు, అంతే. ఇంగ్లండుపై నార్మన్ల దండయాత్రను బట్టపై చూపే బాయూ కుట్టుచిత్రంలో 11వ శతాబ్దపు నార్మన్ రౌతులు పట్టిన పొడవాటి డాలును ‘కైట్ షీల్డ్’ అన్నదీ ఆధునికులే. వ్యాసంలో దీన్ని ‘గాలిపటపు డాలు’గా తెలుగు చేసి, నార్మన్లే అలా పిలిచారని చెప్పడంతో పొరపాటు మరింత బలపడింది.

‘బక్లర్’ మాత్రం నిజంగా పాత మాటే, ఫ్రెంచి నుంచి వచ్చినది. అయినా ఇంగ్లండులోని లీడ్స్‌లో రాయల్ ఆర్మరీస్ అనే ఆయుధాల మ్యూజియంలో ఉన్న, సుమారు 700 ఏళ్ల నాటి ఐ.33 అనే రాతప్రతి, పిడికిలికి పట్టే ఆ చిన్న డాలుతో చేసే సాముకే అంకితమై ఉండి కూడా, అందులోని ఒక ఎత్తును జర్మన్ మాటలో ‘షిల్ట్‌స్లాక్’, అంటే ‘డాలు దెబ్బ’ అంటుంది. పెద్దదైనా చిన్నదైనా వారికి డాలు డాలే. ఆకారాన్ని బట్టి పేర్లను విడదీసి జాబితా వేయాలన్న తపన మనది.

కత్తుల విషయమూ ఇంతే. ‘బ్రాడ్‌సోర్డ్’ అన్న మాట సన్నని అలుగు గల రేపియర్ వంటి కత్తులు వాడుకలోకి వచ్చాక, వాటి పక్కన వెడల్పుగా కనిపించిన కత్తికి పెట్టినది. గొలుసుకు వేలాడే ముళ్ల గుండును వ్యాసకర్త ‘వేగుచుక్క’ అన్నారు. జర్మన్ ‘మోర్గెన్‌స్టెర్న్’కు అర్థం వేగుచుక్కే గానీ, ఆ పేరు సరిగ్గా చెల్లేది గొలుసు లేని ముళ్లగదకు.

క్రీడా సంఘాలకు ఇలాంటి విభజన అవసరమని నాకు తెలుసు. 1966లో కాలిఫోర్నియాలోని బెర్క్‌లీలో మొదలైన, మధ్యయుగ జీవితాన్ని అనుకరించే సంఘమైన సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం సభ్యులు పేము కర్రలతో పోరాడతారు. అక్కడ ‘కత్తి’ అన్నది భద్రతా నియమాలకు లోబడిన ఒక తరగతి పేరు. పోటీని నడిపే న్యాయనిర్ణేతకు ఆ స్పష్టత ఉండాలి కూడా. ‘బుహుర్ట్’ అన్న మాట సైతం మధ్యయుగ జర్మన్లో గుర్రాలపై సాగే గుంపు విన్యాసాన్ని సూచించేది, నేడు నేలపై సాగే పోరును కాదు. ఆటకు దాని వాడుక దానికి ఉండనివ్వండి. చరిత్రగా అచ్చువేసేటప్పుడు మాత్రం ఏ పేరు ఏ కాలానిదో ఒక్క వాక్యంలోనైనా చెప్పండి.

చివరగా అనువాదం గురించి ఒక మనవి. ఇనుప వలయాలతో అల్లిన ‘చైన్ మెయిల్’ను మీరు ‘గొలుసు కవచం’ అన్నారు. ‘మెయిల్’కు మూలమైన పాత ఫ్రెంచి ‘మాయ్’కు వలకన్ను అని అర్థం, ‘చైన్’ తరువాతివారు తగిలించినది. ఈ వరుసలో రాబోయే వ్యాసంలో ‘వల కవచం’ అని రాయగలరేమో పరిశీలించగోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు