ప్రేమవిందు షెడ్డు పైకప్పు కొరకు పర్లాకిమిడి తెలుగు సంఘ కమిటీ విజ్ఞప్తి

ప్రభువునందు ప్రియులైన సంఘ బిడ్డలకు, ఊరు విడిచి విశాఖలోను, సూరత్‌లోను, బెంగళూరులోను స్థిరపడిన మన కుటుంబాలకు కమిటీ తరఫున వందనములు.

జూన్ వానలు మొదలయ్యేలోగా, ఆరాధన తరువాత అందరమూ కలిసి భోంచేసే ప్రేమవిందు షెడ్డుకు పైకప్పు పడాలి. ఇనుప స్తంభాలు నిలబెట్టి రెండు నెలలైంది. రేకులకు, మేస్త్రీ కూలికి ఇంకా సుమారు 2 లక్షల 40 వేల రూపాయలు తక్కువ పడుతున్నాయి. లెక్కంతా కోశాధికారి గారి పుస్తకంలో ఉన్నది, ఎవరైనా చూడవచ్చును. ప్రహరీ గోడ, సండే స్కూలు బెంచీలు కూడా తీర్మానంలో ఉన్నవే గాని, అవి మరో ఏడాది ఆగగలవు.

కిందటి ఆగస్టులో ఒక ఆదివారం, ఆరాధన ముగిసి చింతచెట్టు కింద చాపలు పరిచేసరికి వాన పట్టుకున్నది. తెల్లవారుజామునే కొండ ఊళ్ల నుంచి బయలుదేరి నడిచివచ్చిన సవర కుటుంబాలు మందిరం అరుగు మీద కాసేపు నిలబడి, తినకుండానే వెళ్లిపోయాయి. పాతపట్నం నుంచి వచ్చే ఒక పెద్దమ్మ, అందరికని తెచ్చిన గుమ్మడికాయ పులుసు కేరేజీని మూత తీయకుండానే మళ్లీ తువ్వాలులో మూట కట్టుకున్నది. బైకులు, ఆటోలు ఉన్న మనము మాత్రం ఇళ్లకు చేరి వేడివేడిగా భోంచేశాము.

అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘాన్ని గద్దించినది ఈ విషయంలోనే. ఉన్నవారు ముందుగా తినేస్తే లేనివారు ఆకలితో మిగిలిపోతున్నారని విని, భోజనానికి కూడినప్పుడు ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొని ఆగమని ఆయన వ్రాశాడు. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టెలో పాలుపొంది, గుమ్మం దాటగానే ఎవరి దారిన వారు పోయేదాన్ని సహవాసమని అనడానికి మాకు మనసొప్పడం లేదు.

1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు మన పర్లాకిమిడి అందులో చేరింది, సరిహద్దు మన బంధుత్వాల నడుమ నుంచే పోయింది. ఇప్పుడు మన పిల్లలు ఒడియా బడుల్లో చదువుకుంటూ, తెలుగు కీర్తనలను ఒడియా లిపిలో రాసుకొని పాడుతున్నారు. అమ్మమ్మల పక్కన కూర్చుని వారు నోరారా తెలుగు మాట్లాడేది ఆ భోజనపు పంక్తిలోనే.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మందిరం ఆవరణలో ఒకే పొయ్యి మీద గంజి కాచుకొని అందరమూ తాగాము; ఎవరి గిన్నె ఎవరిదని ఎవరూ అడగలేదు. అంతకు ముందు, మన నాయనమ్మలు ప్రతి పూటా ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి దాచి, ఆదివారం తెచ్చి పోస్తే, ఆ బియ్యం అమ్మిన డబ్బుతోనే ఈ మందిరపు గోడలు లేచాయి. వారి మనుమలలో మంచి ఉద్యోగాలలో ఉన్న కొందరు, మేము మూడుసార్లు ఉత్తరం రాసినా బదులైనా ఇవ్వకపోవడం మాకు బాధగా ఉన్నది. పెళ్లికైనా, భూస్థాపనకైనా మీరు వచ్చేది ఈ మందిరానికే గదా!

మే నెల చివరి ఆదివారంలోగా మీ కానుకను కోశాధికారి గారికి ఇచ్చి రసీదు తీసుకోండి. దూరాన ఉన్నవారు ఇక్కడి బంధువుల చేతికి పంపవచ్చును. డబ్బు ఇవ్వలేనివారు రేకులు ఎక్కించే రోజున ఒక పూట పనికి రండి. ఆనాటి వంట స్త్రీల సమాజం వారు చూసుకుంటారు. కంచం మాత్రం ఎవరిది వారు తెచ్చుకోండి.