వార్దా తుపాను వారంలో కార్డులు, చిల్లర, అప్పు పుస్తకం

అయనావరం, చెన్నై-23
22 డిసెంబరు 2016

సంపాదకులకు నమస్కారం.

పెద్ద నోట్లు రద్దయి ఆరు వారాలు దాటింది. ప్రజలను నగదు రహిత లావాదేవీలకు అలవాటు చేయడానికి కేంద్ర ప్రభుత్వం ప్రకటిస్తున్న రాయితీల వార్తలు మీ పత్రికలో రోజూ చదువుతున్నాను. ఆ ప్రయత్నాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మా ఇంటి కరెంటు బిల్లు, ఫోను బిల్లు మూడేళ్లుగా మా అబ్బాయి కంప్యూటరులోనే కడుతున్నాడు, ఆ మేరకు నాకు క్యూలో నిలబడే బాధ తప్పింది. అయితే ఈ నెల 12న తుపాను వచ్చిన తర్వాత చెన్నైలో గడిచిన నాలుగైదు రోజులను పక్కన పెట్టి ఈ మార్పు గురించి చర్చించడం సరికాదని నా అభిప్రాయం. అందుకే ఈ ఉత్తరం.

10వ తేదీ రెండో శనివారం, 11 ఆదివారం. బ్యాంకులు తెరవలేదు. ఏటీఎంలలో డబ్బు ఉన్నవి ఎక్కడున్నాయో వెతుక్కుంటూ జనం ఆ రెండు రోజులూ తిరిగారు. సోమవారం మధ్యాహ్నం వార్దా తుపాను చెన్నై మీదుగా తీరం దాటింది. మా వీధిలో రెండు వేపచెట్లు, మరో చెట్టు ఒకటి, వాటితోపాటు ఒక కరెంటు స్తంభం నేలకొరిగాయి. గురువారం రాత్రి దాకా మాకు విద్యుత్తు లేదు, మొదటి రెండు రోజులు ఫోనులో సిగ్నలు కూడా లేదు. ఇంటర్నెట్ లేకపోయినా *99# నొక్కితే డబ్బు పంపవచ్చునని ప్రచారం చేస్తున్నారు, కానీ సిగ్నలే లేని ఫోనులో ఏ అంకె నొక్కినా ఒకటే.

ఆ మంగళవారం ఉదయం నా దగ్గర ఉన్నవి బ్యాంకు కార్డు ఒకటి, కొత్త 2000 రూపాయల నోటు ఒకటి, పోపుల డబ్బాలో 42 రూపాయల చిల్లర. మందుల దుకాణం వారు, కిరాణా కొట్టు అణ్ణాచ్చి (అన్నయ్య అని తమిళ పిలుపు) నవంబరులోనే ఉత్సాహంగా స్వైపింగ్ యంత్రాలు తెచ్చుకున్నారు. రెండు చోట్లా అవి మూగబోయి ఉన్నాయి. కొవ్వొత్తులు, పాలు, తాగునీటి క్యాన్లు మాత్రం చేతికి డబ్బు ఇచ్చినవారికే దొరికాయి, అది కూడా పెంచిన ధరకు. 2000 నోటు చూపిస్తే పాలబ్బాయి నవ్వాడు. చివరికి మమ్మల్ని ఆదుకున్నది అణ్ణాచ్చి అప్పు పుస్తకం. కొవ్వొత్తి వెలుగులో పెన్సిలుతో రాసుకుని బియ్యం, పప్పు, అగ్గిపెట్టెలు ఇచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఆ కొట్టుకు వెళ్తున్నాను కాబట్టి నాకు ఇచ్చాడు. నిరుడు వచ్చి మూల గదిలో అద్దెకు ఉంటున్న ఒంగోలు కుర్రాళ్లకు ఆ పుస్తకంలో పేజీ లేదు.

ఇంతకన్నా నన్ను కలత పెట్టిన విషయం మరొకటి ఉంది. ఈ నగరంలో వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుల్లో తెలుగువారు చాలామంది ఉన్నారని మీ పాఠకులకు చెప్పనక్కర్లేదు. మా వీధికి వచ్చే ఆమెది తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం. తుపాను వెళ్లిన మర్నాటి నుంచి ఆమె, ఆమె తోటివారు పొద్దున ఆరు గంటలకు మొదలుపెట్టి చీకటి పడేదాకా కొమ్మలు లాగుతూ, ఆకులు గంపలకెత్తుతూ కనిపించారు. జీతం బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. ఆ డబ్బు చేతికి రావాలంటే బ్యాంకు తెరిచి ఉన్న వేళల్లోనే మూడు నాలుగు గంటలు క్యూలో నిలబడాలి, వంతు వచ్చేసరికి నగదు అయిపోయిందన్న బోర్డు కనపడకుండా ఉండాలి. ఒక పూట మంచినీళ్లు ఇస్తూ అడిగితే, "ఖాతాలో ఉంది సార్, చేతిలోనే లేదు" అంది. ఊరిని బాగుచేసే పనిలో ఉన్నందువల్లనే తన జీతం తాను తీసుకోలేని మనిషికి నగదు రహిత జీవితం గురించి ఏమని చెప్పగలం?

1978 జనవరిలో మొరార్జీ దేశాయి ప్రభుత్వం 1000, 5000, 10,000 రూపాయల నోట్లను రద్దు చేసినప్పుడు నేను రైలు పెట్టెల కర్మాగారంలో ఉద్యోగిని. వెయ్యి నోటు ఏ రంగులో ఉంటుందో నాకు గాని, నాతో పనిచేసేవారికి గాని తెలియదు. మా ఇళ్లలో ఎవరి పొయ్యీ ఆరలేదు. ఇప్పుడు రద్దయిన 500, 1000 నోట్లు చలామణిలోని నగదు విలువలో దాదాపు 86 శాతం. అవి కూలివాడి జేబులో, పూలమ్మే ఆమె కొంగుముడిలో ఉండే నోట్లు. వాటి స్థానంలో ముందుగా వచ్చింది 2000 నోటు. అది పాత వెయ్యి నోటు కంటే చిన్నది కాబట్టి దేశంలోని ఏటీఎంలలో డబ్బు పెట్టే అరలను ఒక్కొక్కటిగా సరిచేయవలసి వచ్చింది. కొత్త 500 నోటు ఆలస్యంగా, అరకొరగా వచ్చింది. వందకూ రెండు వేలకూ నడుమ ఏర్పడిన ఆ గుంతలోనే చిల్లర వ్యాపారమంతా పడింది. సూళ్లూరుపేట నుంచి లోకల్ రైలులో ఆకుకూరల గంపలతో వచ్చే ఆడవాళ్లు కట్ట పది రూపాయలకు అమ్ముతారు. వారి ముందు రెండు వేల నోటు చాపడం కొనడం కాదు, ఎగతాళి చేయడం.

రాయితీలను చూడండి. కార్డుతో పెట్రోలు పోయించుకుంటే 0.75 శాతం తగ్గింపు. జనవరి 1 నుంచి లోకల్ రైలు నెలవారీ టికెట్టుకు 0.5 శాతం, అది కూడా మొదట ముంబైలో. బండి ఉన్నవారికి, కార్డు ఉన్నవారికి ఇవి మంచివే. గంప ఎత్తుకున్నవారికి వీటిలో ఏదీ లేదు.

నిబంధనలు మారిన తీరు మరో తలనొప్పి. పాత నోట్ల మార్పిడికి మొదట 4000 అన్నారు, తర్వాత 4500, ఆ తర్వాత 2000, నవంబరు 24తో అదీ ఆపేశారు. 5000 రూపాయలకు మించిన పాత నోట్లు ఒక్కసారే జమ చేయాలని, ఆలస్యానికి కారణం కూడా చెప్పాలని ఈ నెల 19న ఆంక్ష పెట్టి, 21న దానిని ఎత్తివేశారు. ఆ మధ్యలో 20వ తేదీన మా పొరుగాయన బ్యాంకుకు వెళ్లి, తన సొంత డబ్బుకు సంజాయిషీ రాసిచ్చి వచ్చాడు. అదే నెలలో ఇదే నగరంలో జరిగిన ఆదాయపన్ను సోదాల్లో కొత్త రెండు వేల నోట్లు కట్టలు కట్టలుగా దొరికాయి. వారు ఏ క్యూలో నిలబడ్డారో మాకు కనిపించలేదు.

రిజర్వు బ్యాంకు వారికి, రాష్ట్రంలోని బ్యాంకులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. ఏటీఎంలో రోజుకు 2500 అన్న పరిమితిని పెంచడం కన్నా, ఆ 2500లో వందలూ కొత్త ఐదువందలూ వచ్చేలా చూడటం ముందు జరగాలి. కరెంటు తెగిన ప్రాంతాలకు నగదుతో బ్యాంకు వాహనాలు పంపే ఏర్పాటు తుపాను హెచ్చరిక రాగానే సిద్ధం కావాలి, ఎందుకంటే ఈ తీరానికి తుపాను కొత్త కాదు. దినమంతా పనిలో ఉండేవారి కోసం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఒక్క కౌంటరైనా తెరిచి ఉంచాలి. మన నోటు మీద పదిహేను భాషల పట్టీలో తెలుగులోనూ విలువ రాసి ఉంటుంది. అదే డబ్బు ఖాతాలో పడిందని ఫోనుకు వచ్చే సందేశం మాత్రం ఇంగ్లీషులో ఉంటోంది. మా వీధి ఊడ్చే ఆమె దాన్ని చదివించుకోవడానికి నా దగ్గరకు వస్తుంది. ఆమె ఖాతాలో ఎంత ఉందో నాకు తెలియవలసిన అవసరం లేదు.

ఈ పనులు సంక్రాంతి లోపల జరిగితే సంతోషిస్తాను. అణ్ణాచ్చి పుస్తకంలో నా పేరు మీద ఇంకా 316 రూపాయలు ఉన్నాయి. అదే రెండు వేల నోటు పట్టుకుని ఇప్పటికి రెండుసార్లు వెళ్లాను. చిల్లర లేదని రెండుసార్లూ తిప్పి పంపాడు.

ఇట్లు,
విశ్రాంత రైల్వే ఉద్యోగి