పసుపు స్టిక్కర్ ఉన్న .357 పెట్టెలు కాల్చకండి, వెనక్కి తెచ్చివ్వండి

అందరికీ నమస్కారం. ఇంగ్లిష్‌లో రెండు ముక్కల నోటీసు నిన్ననే పంపాను. కానీ షాపు పెట్టిన రోజు నుంచీ నేను నింపి అమ్మే తూటాలు కొంటున్న తెలుగువాళ్ళు ఓ ముప్పై నలభై మంది ఉన్నారు. మీకు కూడా ఆ రెండు ముక్కలే పడేసి ఊరుకోవడం నాకు నచ్చలేదు.

ముందు పని సంగతి. ఆగస్టు నుంచి నేను అమ్మిన .357 మాగ్నమ్ రివాల్వర్ తూటాల (బుల్లెట్ బరువు 158 గ్రెయిన్) పెట్టెల్లో పసుపు స్టిక్కర్ ఉన్నది మీ దగ్గర ఉంటే వాడొద్దు. సగం అయిపోయిన పెట్టె అయినా సరే తీసుకురండి, పూర్తి డబ్బు వాపసు ఇస్తాను. పోస్టులో మాత్రం పంపకండి, అమెరికా పోస్టాఫీసు తూటాలు తీసుకోదు. .38 స్పెషల్, .44 మాగ్నమ్ పెట్టెలకు ఏ ఇబ్బందీ లేదు, వాటికి వాడిన బ్రాస్ (తూటా ఇత్తడి కేసులు) వేరు.

ఇక జరిగింది చెబుతాను. మెకిన్నీ ఊరి నుంచి వచ్చే అన్నగారొకరు మొన్నొక ఆదివారం రేంజ్ నుంచి ఫోన్ చేశారు. ఆయనది 12 ఔన్సుల బుల్లి రివాల్వర్, అయిదు తూటాలది. "తమ్ముడూ, నాలుగు కాల్చాను, అయిదోదానికి సిలిండర్ తిరగట్లేదు" అన్నారు. ట్రిగ్గర్ మీంచి వేలు తీసి, గొట్టం టార్గెట్ వైపే ఉంచి, రేంజ్ ఆఫీసర్‌ని పిలవమన్నాను. విప్పి చూస్తే అయిదో తూటాలోని బుల్లెట్ కేసు నుంచి ముందుకు జరిగి, సిలిండర్ బయటికి ముక్కు పెట్టి ఫ్రేమ్‌కి తగులుతోంది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సాయంత్రం నాకు అన్నం దిగలేదు.

తప్పుగా నింపిన తూటా నుంచి బుల్లెట్ ఊడదీయడానికి మనం సుత్తి లాంటి పుల్లర్‌తో నేల మీద కొడతాం కదా, తేలిక తుపాకీ అదే పని చేస్తుంది. ప్రతి పేలుడుకీ తుపాకీ చేతిలో వెనక్కి ఎగిరిపడుతుంది, దాంతోపాటు మిగతా కేసులూ వెనక్కి పోతాయి, లోపలున్న బుల్లెట్లు మాత్రం ఉన్నచోటే ఉండాలని చూస్తాయి. వాటిని పట్టి ఉంచేది రెండే: కేసు మెడ బిగువు, దానిపైన క్రింప్, అంటే కేసు మూతి అంచుకి వేసే మడత. రివాల్వర్ తూటా ఛాంబర్‌లో అడుగున ఉన్న రిమ్ మీదే ఆగుతుంది కాబట్టి మూతిని ధైర్యంగా లోపలికి మడవచ్చు. కజ్జికాయ అంచు మడిచినట్టు బుల్లెట్ మీదున్న గాడిలోకి మడుస్తాం. 9 ఎంఎం తూటాకి ఆ మూతే ఆసరా, దానికి ఇలా చేయకూడదు.

కజ్జికాయలన్నీ ఒక్క సైజులో ఉంటేనే ఈ మడత కుదురుతుంది. తూటాలు నింపే నా ప్రెస్‌లో డై (ఆ మడత వేసే అచ్చు) ఎత్తు ఒక్కటే. కేసు పొట్టిదైతే మడత అందదు, పొడుగుదైతే అతిగా పడుతుంది. అందుకే ఏడేళ్ళుగా ఒకే మనిషి దగ్గర, ఒకే కంపెనీ ముద్ర ఉన్న, ఒక్కసారి మాత్రమే పేలిన బ్రాస్ కొంటున్నాను. పేరు చెప్పను. ఈసారి ఆయన పంపిన సంచుల మీద కూడా "ఒకే ముద్ర, ఒకసారి పేలినవి" అనే రాసుంది. పైన రెండు గుప్పిళ్ళు అలాగే ఉన్నాయి. కింద నాలుగు రకాల ముద్రలు. కాలిపర్ పెట్టి 200 కొలిచాను. కేసు పొడవు 1.290 అంగుళాలు మించకూడదు, నేను 1.280 దగ్గర ఉంచుకుంటాను. వచ్చినవి 1.272 నుంచి 1.291 దాకా ఉన్నాయి. ఫోన్ చేస్తే ఆయన నవ్వి, "రివాల్వర్ బ్రాస్ ఎవడు కొలుస్తాడు?" అన్నాడు. ఏడేళ్ళు టైముకి చెక్కు పంపినవాణ్ణి నేను. సొమ్ము వెనక్కి ఇవ్వలేదు సరికదా, సంచులు తెరిచారు కాబట్టి తీసుకోను అన్నాడు. ఆ మాట కన్నా ఆ నవ్వు ఎక్కువ గుచ్చుకుంది. ఇక ఆ గుమ్మం తొక్కను.

అయితే ఆ కొలత నేను తీసింది అన్నగారి ఫోన్ వచ్చాక. నింపే ముందు తీయాల్సింది. అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి చేశాను. నింపుతున్నప్పుడు కొన్నిటికి క్రింప్ వదులుగా కనిపించింది. ఆగి ఎందుకని చూడకుండా, డైని ఇంకో పావు తిప్పు దించాను. పొట్టివాటికి అప్పుడూ సరిగ్గా అందలేదు. పొడుగువాటికి మూతి కింద కేసు ఉబ్బి, మెడ బుల్లెట్‌ని వదిలేసింది. బిగిస్తున్నాననుకుంటూ వదులు చేశాను. పదకొండేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి, ఫెడరల్ లైసెన్స్ తీసుకుని ఈ పనిలోకి వచ్చినవాణ్ణి, ఇంటికి వచ్చిన సరుకుని టెస్ట్ చేయలేదు. వాట్సాప్ గ్రూపులో ఒకాయన "కోడింగ్ వదిలి తూటాలు చుడితే ఇంతే" అని పెట్టారు. సర్లెండి, ఈ వారానికి ఆయన మాట చెల్లింది.

తొమ్మిది రాత్రులు నన్ను తినేసింది మాత్రం ఇకపై ఏ పౌడర్ (తూటా మందు) నింపాలన్నదే. నా .357కి పేరు తెచ్చింది హెచ్110 అనే పౌడర్. (వించెస్టర్ 296 అన్నా అదే. డబ్బాలు రెండు, పౌడర్ ఒకటే, దయచేసి దీని మీద మళ్ళీ పందేలు వద్దు.) తేలిక తుపాకీల కోసం కాస్త తగ్గించి పోయవచ్చుగా అని చాలామంది అడిగారు. హెచ్110తో అది కుదరదు. గుండ్రటి రేణువుల పౌడర్, అంటుకోవడానికి మొండికేస్తుంది. మాగ్నమ్ ప్రైమర్ (పౌడర్‌కి గట్టిగా నిప్పు అంటించేది) ఉండాలి, కేసు నిండుగా ఉండాలి, నిప్పు అందుకునేదాకా క్రింప్ బుల్లెట్‌ని వదలకూడదు. ఇందులో ఒకటి తగ్గినా పౌడర్ సగమే కాలి, బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కోవచ్చు. అది చూసుకోకుండా వెనకే ఇంకోటి పేలిస్తే తుపాకీతో పాటు చెయ్యి కూడా పోవచ్చు. నింపే కొలతల పుస్తకంలో ఉన్నదానికి 3 శాతం కన్నా తగ్గించొద్దని ఆ పౌడర్ అమ్మే హాడ్జ్‌డన్ కంపెనీ వాళ్ళే చెబుతారు. క్రింప్ బాగాలేని తూటాలో ఈ పౌడర్ పోయడమంటే గోరుచుట్టు మీద రోకటిపోటే.

మిగిలింది 2400. తుపాకీల మీద రాసే ఎల్మర్ కీత్ .44 స్పెషల్‌లో దట్టించి, 1955లో .44 మాగ్నమ్ పుట్టడానికి దారి వేసిన పాత పౌడర్ ఇదే. కాస్త మసి చేస్తుంది, కానీ మధ్యస్థంగా నింపినా బుద్ధిగా కాలుతుంది. నా క్రోనోగ్రాఫ్ మీద 6 అంగుళాల గొట్టంలో వేగం సగటున సెకనుకు 90 అడుగులు తగ్గింది. ఆ 90 అడుగుల కోసమే తొమ్మిది రాత్రులు. మొత్తం 2400కి మారితే సుఖం. కానీ నా పాత పెట్టెని చంపుకోలేకపోయాను. మా ఆవిడ విసుగెత్తి, "రెండూ చేయండి, ఎవరికి ఏ తుపాకీ ఉందో అడిగి ఇవ్వండి" అంది. అదే ఖాయం చేశాను.

ఎర్ర స్టిక్కర్ హెచ్110, బరువైన ఉక్కు రివాల్వర్లకి మాత్రమే. నీలం స్టిక్కర్ 2400, తేలికవాటికి. రెండిటికీ కొత్త బ్రాస్, ప్రతి కేసూ పొడవు సరిచేసే ట్రిమ్మర్ మీదికి వెళ్ళాకే నింపుతాను. బుల్లెట్ కూర్చోబెట్టడం ఒక డైలో, క్రింప్ ఇంకో డైలో. ప్రతి బ్యాచ్‌లో అయిదు తీసి, నాలుగు తేలిక తుపాకీలో కాల్చి, అయిదోదాని పొడవు ఆ నాలుగూ కాల్చకముందూ, కాల్చాకా కొలిచి, ఆ రెండు అంకెలూ పెట్టె మూత మీద రాస్తున్నాను. మొన్న మెకిన్నీ అన్నగారు తన తుపాకీతోనే ఆ పరీక్ష చేయించారు. కాలిపర్ కూడా ఆయనే పట్టుకున్నారు, నా చేతికి ఇవ్వలేదు. పొడవు మారలేదు. రెండు నీలం పెట్టెలు తీసుకెళ్ళారు.

ఏ తుపాకీకో చెప్పనివాళ్ళకి ఎర్ర పెట్టె ఇవ్వను, ఎంత పాత కస్టమర్ అయినా సరే. ట్రిమ్ చేసే టైముకి పెట్టెకి 4 డాలర్లు పెరిగింది. బేరం ఆడితే ఆడండి, తగ్గించను. వచ్చే రెండు శనివారాలూ రాత్రి 8 దాకా షాపులోనే ఉంటాను, పసుపు పెట్టెలు తెచ్చివ్వండి.