ఒక్క డెయిరీ చాలు

ఒరేయ్ మాస్టారూ,

ఇండస్ట్రియల్ విజిట్ బాధ్యత చివరికి నీ నెత్తినే పడిందన్నమాట. నీ ప్లాను చదివాను. తెనాలి నుంచి శ్రీసిటీకి రాత్రి బస్సు, పొద్దున ఒక ఫ్యాక్టరీ, మధ్యాహ్నం ఇంకోటి, తిరుగు దారిలో బీచి. రానూపోనూ ఆరొందల కిలోమీటర్ల పైమాటే. పిల్లలు ఫ్యాక్టరీలో కునికిపాట్లు పడి బీచిలో మేలుకుంటారు. అయినా బీకాం రెండో ఏడాది వాళ్లకి కార్ల ఫ్యాక్టరీలో ఏం చూపిస్తావు? అద్దం ఇవతల నిలబడి మరమనిషి చెయ్యి చూసి, హెచ్‌ఆర్ వాళ్ల స్లైడ్లు చూసి, గేటు దగ్గర గ్రూప్ ఫోటో దిగి వస్తారు.

నా మాట విని డెయిరీకి తీసుకెళ్లు. వడ్లమూడిలో సంగం డెయిరీ మీకు కూతవేటు దూరం. అక్కడ కుదరకపోతే విజయవాడ ఉండనే ఉంది. పాల వ్యాపారంలో కొనడం, తయారుచెయ్యడం, అమ్మడం, వసూలు చేసుకోవడం అన్నీ ఒకటి రెండు రోజుల్లో ఒక చుట్టు తిరిగిపోతాయి. నువ్వు క్లాసులో చెప్పే అకౌంట్సు అంత దగ్గరగా ఇంకెక్కడా కనపడవు.

అందరూ బోల్తా పడేది టైము దగ్గర. మధ్యాహ్నం రెండింటికి రమ్మంటే సరేనని వెళ్తారు. అప్పుడు మెషీన్లు ఆగి ఉంటాయి. పైపుల్లో కాస్టిక్ సోడా నీళ్లు, తర్వాత యాసిడ్ నీళ్లు తిప్పి కడుగుతుంటారు. ప్యాకింగ్ చాలాచోట్ల సాయంత్రం మొదలై అర్ధరాత్రి దాకా నడుస్తుంది, తెల్లారకముందే వ్యాన్లు బయల్దేరాలి కాబట్టి. అందుకని ఫోన్‌లో రెండే అడుగు: ట్యాంకర్లు ఎన్నింటికి దిగుతాయి, ప్యాకింగ్ ఎన్నింటికి మొదలవుతుంది? రెండూ ఒకే పూట చూడ్డం కుదరకపోతే ప్యాకింగ్ వదిలెయ్. ట్యాంకరు దిగడం, ల్యాబ్‌లో శాంపిల్ తియ్యడం మాత్రం చూసి తీరాలి. ల్యాబ్ వాడు ఒప్పుకోకపోతే ట్యాంకరు వెనక్కి వెళ్లిపోవాల్సిందే. ఆ నష్టం ఎవరి ఖాతాలో పడుతుందో అక్కడే అడిగించు.

కాలేజీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం మూడు వారాల ముందే పంపు. రెండు తేదీలు ఇవ్వు, ఒక్కటి ఇస్తే 'కుదరదు' అనడం వాళ్లకి తేలిక. పిల్లల పేర్లు, ఆధార్ కాపీలు, బస్సు నంబరు, వెంట వచ్చే లెక్చరర్ల ఫోన్లు జతచెయ్యి. రెండు రోజుల ముందు మళ్లీ ఫోన్ చెయ్యి, ఉత్తరం చదివినాయన సెలవులో ఉండొచ్చు. నలభై మందికి మించొద్దు. లోపలికి పదిహేనేసి మంది చొప్పున వెళ్లాలి. మెషీన్ల మోతలో పదహారో వాడికి ఏమీ వినపడదు. మిగతావాళ్లని అకౌంట్స్ సెక్షన్లోనో, డిస్పాచ్ దగ్గరో కూర్చోబెట్టు.

చెప్పులు, గాజులు, ఉంగరాలు, చొక్కా జేబులో పెన్నులు వద్దు. చున్నీలు పిన్ను పెట్టుకోవాలి. నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది, బూట్లు వేసుకోమను. జ్వరం, దగ్గు, చేతి మీద పుండు ఉన్నవాళ్లని లోపలికి పంపకు, అది తిండి వస్తువు. చల్లదనం కోసం అమ్మోనియా వాడతారు, ఉబ్బసం ఉన్న పిల్లల్ని ఆ గది వైపు పోనివ్వకు.

ఇప్పుడు అసలు సంగతి. ముందు రోజు క్లాసులో ఈ లెక్క చేయించు. రూల్ ప్రకారం టోన్డ్ పాలల్లో వెన్న 3 శాతం, ఎస్.ఎన్.ఎఫ్. (నీరు, వెన్న పోగా పాలల్లో మిగిలే ఘనపదార్థం) 8.5 శాతం ఉండాలి. స్టాండర్డైజ్డ్‌లో 4.5, 8.5. ఫుల్ క్రీమ్‌లో 6, 9. గేదెపాలు 1000 కిలోలు, వెన్న 6 శాతం అనుకో. వాటిని 4.5కి దించాలంటే 40 శాతం వెన్న ఉన్న క్రీమ్ 42 కిలోల చిల్లర తియ్యాలి. అందులో దాదాపు 17 కిలోల కొవ్వుంది, అదే నెయ్యి. రైతుకి ఇచ్చింది ఒకే ధర, చేతికొచ్చినవి రెండు సరుకులు. పాల ప్యాకెట్టుకి ఖర్చెంత, నెయ్యికి ఎంత? జాయింట్ ప్రోడక్ట్స్ చాప్టర్ ఇదేరా. డెయిరీ అకౌంటెంట్‌ని 'మీరు ఏ పద్ధతిలో పంచుతారు సార్?' అని ఒక పిల్ల అడిగిందంటే ఆయన కుర్చీ లాక్కుని కూర్చుంటాడు చూడు.

రెండోది డబ్బు తిరిగే తీరు. రైతుకి బిల్లు మామూలుగా పది, పదిహేను రోజులకోసారి. ప్యాకెట్ల ఏజెంటు దగ్గర డబ్బు ముందే లేదా ఆ రోజే. అంటే రైతు ఇచ్చిన అప్పు మీద వ్యాపారం నడుస్తోందన్నట్టు. వినడానికి బాగుందే అనిపిస్తుంది. కానీ చలికాలంలో పాలు ఎక్కువ వచ్చిపడతాయి. అప్పుడు మిగులు పాలని పొడి కొట్టి, నెయ్యి కాచి, ఎండాకాలం దాకా దాచాలి. రైతుకి మాత్రం పదిహేనో రోజున డబ్బు కట్టాల్సిందే. డెయిరీ బ్యాంకు అప్పుకి పోయేది అక్కడే. వర్కింగ్ క్యాపిటల్ (వ్యాపారం రోజూ నడవడానికి తిప్పే డబ్బు) గురించి బోర్డు మీద నెల రోజులు చెప్పినా ఇంత తలకెక్కదు.

'మీ లాభం ఎంత?' అని అడగనివ్వకు. జవాబు రాదు, ముఖాలు ముడుచుకుంటాయి. చిన్నవి అడిగించు. లీటరుకి ఏజెంటు కమీషన్ ఎంత? కారిన ప్యాకెట్టు ఎవరు భరిస్తారు? ఇండెంటు, అంటే ఎన్ని ప్యాకెట్లు కావాలో ఏజెంటు చెప్పే ఆర్డరు, ఎన్నింటి లోపు ఇవ్వాలి, ఎక్కువ చెప్పి మిగిలితే ఏమవుతుంది? ట్రేలు ఎన్ని తిరిగి రావట్లేదు? ఈ ఆఖరిది భలే ప్రశ్న. చాలా డెయిరీల్లో ట్రేకి 24 అరలీటరు ప్యాకెట్లు పడతాయి. ఆ ఖాళీ ప్లాస్టిక్ ట్రే మీద టీకొట్టు వాడు కూర్చునుంటాడు, డెయిరీ ఏటా కొత్తవి కొంటుంది.

ఉద్యోగాల సంగతి పెద్దాఫీసర్ చేత చెప్పించకు. చేరి ఏడాది రెండేళ్లయిన వాళ్లని ఇద్దరిని అడిగి పిలిపించు. ఒకడు తెల్లవారుజామునే బండేసుకుని పాల కేంద్రాలు తిరిగే ప్రొక్యూర్‌మెంట్ సూపర్‌వైజర్, ఇంకొకడు రాత్రి డిస్పాచ్‌లో ఇండెంట్లు చూసేవాడు. బీకాం అంటే ఏసీ గదిలో ట్యాలీ అనుకునే పిల్లలకి ఇది తెలియాలి. రెండో ఏడాది అయ్యాక ఇంటర్న్‌షిప్ ఎలాగూ ఉంది కదా, ఎవరి కింద పనిచెయ్యాలో అప్పటికే ఒక ముఖం గుర్తుంటుంది.

వీలైతే వెళ్లే ముందు రోజు పొద్దున ఆరింటికి ఏదైనా ఊరి పాల కేంద్రం దగ్గర నలుగురు పిల్లల్ని నిలబెట్టు. రైతుకిచ్చే చీటీ ఫోటో తీసుకోమను: లీటర్లు, వెన్న, ఎస్.ఎన్.ఎఫ్., రేటు, మొత్తం. డెయిరీలో ఆ చీటీ పట్టుకుని 'ఈ అంకె ఇక్కడ ఏ పుస్తకంలోకి వెళ్తుంది?' అని అడిగితే, మిగతా విజిట్ అంతా దానంతటదే నడుస్తుంది. రిపోర్టు పది పేజీలు రాయించకు, గూగుల్ నుంచి దించుతారు. ఒక్కొక్కళ్లు ఒక్క ప్రశ్న, దాని జవాబు, ఎవరు చెప్పారు, అంతే.

రెండో విజిట్‌కి గుంటూరు మిర్చి యార్డు పెట్టుకో, ఫిబ్రవరి ఏప్రిల్ మధ్య. శని, ఆదివారాలు సెలవు, చూసుకో. ఘాటుకి కళ్లు మండిపోతాయి, మాస్కులు తప్పనిసరి. కాంటాక్టు లెన్సులు పెట్టుకునే పిల్లలుంటే ఆ రోజు కళ్లజోడుతో రమ్మను.

లెటర్ డ్రాఫ్టు రాశాక నాకు పంపు, చూసి ఇస్తాను. ప్రిన్సిపాల్‌ని ఒప్పించడానికి బస్సు ఖర్చు లెక్క ఒక్కటి చూపించు, చాలు.

నీ
పాత బెంచీ మిత్రుడు